ఏ క్యాపు ఏ చోటిది?

1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ దగ్గర ఒక పరీక్ష జరిగింది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో మూడు కాడిలాక్ కార్లను ముక్కముక్కలుగా విప్పారు. మూడింటి భాగాలనూ కలగాపులగం చేశారు. ఏ ముక్క ఏ కారుదో తెలియని ఆ గుట్టలోంచి, చేతి పనిముట్లతోనే మళ్ళీ మూడు కార్లు బిగించారు. మూడూ ట్రాక్ మీద 500 మైళ్ళు పరుగెత్తాయి. కాడిలాక్‌కు డ్యూవర్ ట్రోఫీ దక్కింది. ఒక నమూనాలో తయారైన భాగం ఆ నమూనా కారు దేనిలోనైనా కూర్చోవాలన్న సూత్రం ఆ రోజు అందరి కళ్ళముందు నెగ్గింది. ఈనాడు మనం స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి కారు పేరు, మోడలు సంవత్సరం చెప్పి క్లచ్ ప్లేటు కొనుక్కోగలుగుతున్నామంటే ఆ సూత్రం చలవే.

అయితే ఇంజను లోపల ఒకచోట తయారీదారులే ఆ సూత్రాన్ని తెలిసి తెలిసి పక్కన పెడతారు. బేరింగ్ క్యాపుల దగ్గర. ఒకే ఇంజనులో పక్కపక్కన ఉండే రెండు క్యాపులు చూడటానికి అచ్చు ఒకేలా ఉంటాయి. ఒకదాని బోల్టులు రెండోదానికి పడతాయి. ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటుంది కూడా. కానీ చోటు మారితే ఇంజను బతకదు.

అందుకే విప్పేటప్పుడు క్యాపుల మీద అంకెలు వేయాలంటారు. ఎవరో విప్పేసిన ఇంజను మన చేతికి వస్తే? బ్లాకు ఒకచోట, క్రాంకు ఒకచోట, ఒక గోనెసంచిలో అయిదు మెయిన్ క్యాపులు, వాటి మీద అంకె గానీ బాణం గుర్తు గానీ లేవు. పాత ఇంజన్లు కొని బాగుచేసేవాళ్ళకు ఇది కొత్త సమస్య కాదు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే: అంకె పోయినంత మాత్రాన ఆ సమాచారం పోలేదు. ఫ్యాక్టరీలో ఆ క్యాపును కోసినప్పుడే దాని చోటు దాని లోహంలోకి ఎక్కింది. ఓపికగా చూసి, కొలిస్తే తిరిగి చదవొచ్చు.

క్యాపు మోసే బరువు

సిలిండరులో పెట్రోలు మండగానే పిస్టన్ కిందికి దూసుకొస్తుంది. ఆ తోపును కనెక్టింగ్ రాడ్ క్రాంక్ షాఫ్టుకు అందిస్తుంది. క్రాంకు తన చోట తాను నిలిచి తిరగాలంటే దాన్ని కొన్ని చోట్ల పట్టి ఉంచాలి. ఆ చోట్లే మెయిన్ బేరింగులు. వరసగా నాలుగు సిలిండర్లున్న ఇంజన్లలో ఇప్పుడు మామూలుగా అయిదు ఉంటాయి. మారుతి 800 మూడు సిలిండర్ల ఇంజనులో నాలుగు. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనులో మూడే.

ప్రతి మెయిన్ బేరింగుకూ రెండు సగాలు. పై సగం ఇంజను బ్లాకులో భాగం. కింది సగం విడి ముక్క, అదే క్యాపు. క్రాంకును బ్లాకులో పెట్టి, దాని మీద క్యాపు పెట్టి బోల్టులు బిగిస్తే రెండు అరవృత్తాలు కలిసి ఒక వృత్తమవుతాయి. లోపల క్రాంకు తిరిగే ఉపరితలంగా షెల్స్ అనే పలుచని అరచంద్రాకారపు రేకులు కూర్చుంటాయి. కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర, అంటే బిగ్ ఎండ్ దగ్గర కూడా ఇదే అమరిక. అక్కడ ఒక సగం రాడ్‌లో, మరో సగం రాడ్ క్యాపులో.

బరువెంతో లెక్కకట్టి చూద్దాం. మారుతి 800 సిలిండరు బోరు 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ తల వైశాల్యం సుమారు 36.8 చదరపు సెంటీమీటర్లు. లోపలి పీడనం 50 బార్‌కు చేరిందనుకుంటే పిస్టన్ మీద పడే తోపు 18,400 న్యూటన్లు. అంటే దాదాపు 1.9 టన్నుల బరువు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ప్రతి సిలిండరులో సెకనుకు 25 సార్లు ఈ దెబ్బ పడుతుంది. మెయిన్ బేరింగుల్లో ఈ తోపు కిందికి, క్యాపు వైపుకే వస్తుంది. అందుకే నూనె పంచే గాడిని సాధారణంగా పై షెల్‌లో కోస్తారు. బరువు మోసే కింది షెల్‌ను నున్నగా వదిలేస్తారు.

నూనె పొర చేసే పని

ఇంత బరువును మోసేది లోహమని అనిపిస్తుంది. నిజానికి నడుస్తున్న ఇంజనులో మోసేది నూనె. ఈ సంగతిని ప్రయోగంలో పట్టుకున్న మనిషి బోషాంప్ టవర్. 1880లలో ఇంగ్లండులోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్ కోసం ఆయన బేరింగుల రాపిడిని కొలుస్తుండేవాడు. నూనె పోయడానికి బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగడం మొదలుకాగానే నూనె లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా కొట్టి మూస్తే, బిరడాను నెట్టేసింది. అక్కడ పీడనం కొలిచే గేజి బిగించాడు. చదరపు అంగుళానికి సగటున 100 పౌండ్ల బరువు మోస్తున్న ఆ బేరింగులో గేజి 200 పౌండ్లు దాటింది. నూనె తనంతట తానే పీడనం పుట్టించుకుని ఇరుసుకూ బేరింగుకూ మధ్య పొరగా నిలబడుతోందన్నమాట.

ఎందుకలా జరుగుతుందో ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో గణితంతో చూపించాడు. ఇరుసు బేరింగు నడిమధ్యలో ఉండదు, బరువు వల్ల ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు సందు ఒకవైపు వెడల్పుగా మొదలై క్రమంగా సన్నబడుతుంది. తిరిగే ఇరుసు నూనెను ఆ సన్నబడే సందులోకి లాక్కుపోతుంది. ఇరుకైన కొద్దీ నూనెలో పీడనం పెరిగి ఇరుసును పైకెత్తుతుంది. ఇందులో రెండు షరతులున్నాయి. సందు చాలా చిన్నదిగా ఉండాలి. అది నునుపుగా, మెట్లు లేకుండా సన్నబడాలి.

ఎంత చిన్నది? క్రాంకు జర్నల్ (అంటే బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) వ్యాసంలో వెయ్యో వంతు సందు ఉండాలన్నది పాతకాలపు ఉజ్జాయింపు లెక్క. 50 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.05 మిల్లీమీటర్లు, అంటే 50 మైక్రాన్లు. ఇప్పటి కార్ల ఇంజన్లలో ఇది ఎక్కువగా 20 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉంటుంది. పైగా ఇది రెండు వైపులా కలిపిన లెక్క. బరువు పడ్డ క్షణంలో ఒరిగిన వైపు నూనె పొర కొద్ది మైక్రాన్లకు దిగిపోతుంది.

ఇప్పుడు చోటు మారిన క్యాపును ఊహించండి. అది పక్కకు 30 మైక్రాన్లు జరిగి కూర్చుందనుకుందాం. రెండు సగాలు కలిసే చోట ఒక మెట్టు లేచింది. ఒక పక్క సందు దాదాపు మూసుకుపోయింది, ఇంకో పక్క తెరుచుకుంది. మూసుకున్న వైపు లోహం లోహాన్ని రాస్తుంది. తెరుచుకున్న వైపు నూనె కారిపోతుంది. ఇరుకు సందులోంచి కారే నూనె సందు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సందు రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లు. అటు ఆయిల్ ప్రెషరు పడిపోతుంది, ఇటు షెల్ వేడెక్కి దాని మెత్తటి పూత కరుగుతుంది. షెల్ క్రాంకును పట్టేసుకుని తానూ తిరగడం మొదలుపెడితే ఇక క్రాంకు, రాడ్, ఒక్కోసారి బ్లాకు కూడా పోతాయి.

కలిపి కోసిన జత

అంత కచ్చితంగా ఫ్యాక్టరీలో అన్ని క్యాపులనూ ఒకేలా కోసి పడేయలేరా? కోయొచ్చు, కానీ ఖరీదు ఎక్కువ, ఫలితం తక్కువ. క్యాపు ఎత్తులో కొన్ని మైక్రాన్ల తేడా, బోల్టు రంధ్రాల దూరంలో కొన్ని, బ్లాకులో క్యాపు కూర్చునే గాడి వెడల్పులో కొన్ని. విడివిడిగా చేసిన రెండు ముక్కలను కలిపితే ఈ తేడాలన్నీ ఒకదాని మీద ఒకటి పోగుపడతాయి. దానికంటే తేలికైన దారి ఉంది. క్యాపులను మొదట సుమారుగా కోసి, బ్లాకుకు పూర్తి టార్క్‌తో బిగించి, అప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే బోరింగ్ బారును పంపి అన్ని వృత్తాలనూ ఒక్క దెబ్బలో కోయడం. దీన్నే లైన్ బోరింగ్ అంటారు.

ఈ పద్ధతిలో ప్రతి క్యాపులోని లోపం దాని ఎదుటి బ్లాకు సగంలో సర్దుబాటవుతుంది. ఒక క్యాపు పది మైక్రాన్లు ఎడమకు కూర్చుంటే, అది ఎడమకు కూర్చున్న స్థితిలోనే వృత్తం కోస్తారు. ఆ చోట, ఆ దిక్కున ఉన్నంతకాలం వృత్తం వృత్తమే. తిప్పి పెడితే ఆ పది మైక్రాన్ల తేడా కుడికి మారుతుంది, మొత్తం తేడా ఇరవై అవుతుంది. అందుకే క్యాపుకు చోటు ఎంత ముఖ్యమో దిక్కు కూడా అంతే ముఖ్యం. పోయిన అంకెను తిరిగి చదవడానికి మనకు దారి చూపేదీ ఈ లోపాలే. రెండు క్యాపులు పూర్తిగా ఒకేలా ఉంటే వాటిని విడదీసి గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. అప్పుడు గుర్తుపట్టే అవసరమూ ఉండదు.

3840 నుంచి 6 దాకా

అయిదు క్యాపులను అయిదు చోట్ల 120 రకాలుగా పేర్చొచ్చు. ఒక్కోదాన్ని రెండు దిక్కుల్లో పెట్టొచ్చు కాబట్టి మరో 32 రెట్లు. మొత్తం 3840 అమరికలు. అన్నిటినీ బిగించి చూడాలంటే జీవితం చాలదు. అదృష్టవశాత్తూ ఇంజను నిర్మాణమే ఈ లెక్కను చకచకా తగ్గిస్తుంది.

ముందు షెల్ నాలుక కూర్చునే చిన్న గాడి చూడాలి. ప్రతి షెల్ అంచునా ఒక చిన్న నాలుక ఉంటుంది, దానికోసం బ్లాకులోనూ క్యాపులోనూ గాడి కోస్తారు. చాలా ఇంజన్లలో ఈ రెండు గాడులూ ఒకే పక్కన, ఎదురెదురుగా వస్తాయి. దీంతో క్యాపుల దిక్కు తేలిపోతుంది. 32 రెట్లు పోయి 120 మిగిలాయి. ఆ ఇంజను మాన్యువల్‌లోని బొమ్మతో ఈ విషయం ముందే సరిచూసుకోవాలి.

తర్వాత థ్రస్ట్ బేరింగు. క్లచ్ తొక్కినప్పుడు క్రాంకు ముందుకు జరగకుండా ఒక మెయిన్ బేరింగు పక్క ముఖాలతో ఆపుతుంది. దాని క్యాపు పక్కలు మిగతావాటికి భిన్నంగా కోసి ఉంటాయి, వెడల్పు కూడా తరచుగా వేరు. అది ఎక్కడిదో చూడగానే తెలుస్తుంది. ఇక 24. ఫ్లైవీలు వైపు ఆఖరి క్యాపుకు చాలా ఇంజన్లలో ఆయిల్ సీలు కోసం వేరే ఆకారం ఉంటుంది. అదీ తేలితే మిగిలేది మూడు క్యాపులు, మూడు చోట్లు, ఆరు అమరికలు. ఆయిల్ పంపు పైపును పట్టే బొడిపె వీటిలో ఏదైనా ఒకదానిపై ఉంటే ఆరు కాస్తా రెండవుతుంది.

కంటికి దొరికే ఆధారాలు

కొలతలకు వెళ్ళేముందు గుర్తులు నిజంగా లేవా అని చూసుకోవాలి. చాలా క్యాపుల మీద అంకె ఉంటుంది, మాడిన నూనె దాన్ని కప్పేస్తుంది. డీజిలులో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, టార్చిలైటును ఏటవాలుగా పట్టి చూడాలి. నేరుగా పడే వెలుతురులో కనబడని గాటు పక్క వెలుతురులో నీడ పడి తేలుతుంది. బ్లాకు కింది అంచు మీద, రాడ్ పక్కల మీద కూడా వెతకాలి. సుజుకీ ఇంజన్లలో మాదిరిగా అంకెలూ బాణాలూ ఉన్నవాటిలో బాణం క్రాంకు పుల్లీ వైపు చూస్తుంది, లెక్క అటునుంచే మొదలవుతుంది. పోతపోసినప్పుడు పడ్డ పెద్ద అంకెలను మాత్రం నమ్మకూడదు. అవి సాధారణంగా అచ్చు అంకెలు, అన్ని క్యాపుల మీదా ఒకటే ఉంటాయి. అలాంటప్పుడు చోటుకూ వాటికీ సంబంధం లేదు.

ఇక అసలు సాక్ష్యాలు. బోరింగ్ బారు లోహాన్ని కోస్తూ పోయినప్పుడు సన్నటి మరచుట్ల గీతలు వదులుతుంది. షెల్స్ తీసేసి ఆ వృత్తం లోపల భూతద్దంతో చూస్తే అవి కనబడతాయి. సరైన క్యాపు పెట్టినప్పుడు గీతల మధ్య దూరం, వాలు, మెరుపు బ్లాకు సగం నుంచి క్యాపు సగంలోకి తెగకుండా సాగుతాయి. అన్ని చోట్లా కోసింది ఒకే బారు కనుక దీనితోనే తీర్పు చెప్పలేం. అయితే ఒక చోట పోతలో ఉన్న చిన్న గుంట వల్లనో, అరిగిన పనిముట్టు వల్లనో ప్రత్యేకమైన గీత పడి ఉంటే అది రెండు సగాల్లోనూ దొరుకుతుంది.

క్యాపుకూ బ్లాకుకూ అతుకు ముఖాలు ఏళ్ళ తరబడి ఒకదానికొకటి నొక్కుకుని, అతి సూక్ష్మంగా కదులుతూ ఒకదాని మచ్చను ఇంకొకదానిపై వదులుతాయి. బ్లాకు ముఖం మీద ఎడమ మూల ముదురు మచ్చ ఉంటే, దాని జత క్యాపు మీద కూడా ఆ మూలే మచ్చ ఉంటుంది. షెల్ వీపు క్యాపులో వదిలిన మరక, నూనె రంధ్రం చుట్టూ ఉన్న వలయం కూడా ఇలాగే పోల్చాలి. పాత షెల్స్ దొరికితే పారేయొద్దు. వాటి అరుగుదల తీరు ఒక్కోసారి అతి విలువైన ఆధారమవుతుంది.

చేతికి తెలిసేవీ ఉన్నాయి. చాలా బ్లాకుల్లో క్యాపు ఒక గాడిలో బిగుతుగా కూర్చుంటుంది. సరైన క్యాపు రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే సమంగా దిగుతుంది. వదులుగా జారిపోయినా, సుత్తికి లొంగకపోయినా అనుమానించాలి. బోల్టులు కాస్త బిగించి, అతుకు గీత మీద వేలిగోరు అడ్డంగా నడపాలి. ఇరవై ముప్పై మైక్రాన్ల మెట్టు గోరుకు తగులుతుంది.

గేజి ఇచ్చే తీర్పు

ఈ ఆధారాలు దారి చూపిస్తాయి, తీర్పు మాత్రం గేజిదే. కావలసింది డయల్ బోర్ గేజి, దాన్ని సరిచేసుకోవడానికి మైక్రోమీటరు, నమ్మకమైన టార్క్ రెంచి. షెల్స్ లేకుండా, క్రాంకు లేకుండా, పొడిగా, శుభ్రంగా ఉన్న ముఖాలతో క్యాపును మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. బిగించకుండా కొలిస్తే ఆ కొలతకు అర్థం లేదు. బోల్టుల పట్టులో క్యాపు ఆకారం స్వల్పంగా మారుతుంది, ఫ్యాక్టరీలో వృత్తం కోసింది ఆ మారిన ఆకారంలోనే. డిగ్రీల లెక్కన తిప్పి బిగించే సాగుడు బోల్టులైతే ఈ పరీక్షలకు పాతవి వాడి, చివరి బిగింపుకు కొత్తవి తెచ్చుకోవాలి.

ప్రతి అమరికలో నాలుగు కొలతలు తీసుకోవాలి: నిలువుగా, అతుకు గీతకు కాస్త పక్కగా అడ్డంగా, రెండు ఏటవాలు దిశల్లో. ఈ నాలుగూ కలిసి ఒక కథ చెబుతాయి. నాలుగూ పది మైక్రాన్ల లోపు తేడాతో, మాన్యువల్ ఇచ్చిన హద్దులో ఉంటే జత కుదిరినట్టే. నిలువు కొలత మాత్రమే ఎక్కువో తక్కువో అయితే క్యాపు ఎత్తు ఈ చోటుకు సరిపోలేదు. ఒక ఏటవాలు కొలత పెరిగి, రెండోది దాదాపు అంతే తగ్గితే క్యాపు పక్కకు జరిగి కూర్చుంది. క్యాపు 30 మైక్రాన్లు పక్కకు జరిగితే ఒక ఏటవాలు సుమారు 21 మైక్రాన్లు పెరుగుతుంది, ఇంకొకటి 21 తగ్గుతుంది. అప్పుడు నిలువు కొలత ఒక్కటే చూసినవాడు అంతా బాగుందనుకుని మోసపోతాడు. ఏటవాలు కొలతలు వదలకూడదనేది అందుకే.

మూడు క్యాపులను మూడు చోట్ల పెట్టి చూస్తే తొమ్మిది బిగింపులు. కాగితం మీద మూడు నిలువు గడులు, మూడు అడ్డ గడులు గీసి, ఒక్కో గడిలో గరిష్ఠ, కనిష్ఠ కొలతల తేడా రాయాలి. సరైన జతలున్న గడుల్లో చిన్న అంకెలు, మిగతావాటిలో పెద్ద అంకెలు వస్తాయి. ఒక్కో వరసలో ఒక్కో నిలువులో ఒక్కటే చిన్న అంకె ఉంటే ప్రశ్న తీరింది. ఒక క్యాపు రెండు చోట్ల సమంగా సరిపోతే మిగతా రెండింటిని ముందు తేల్చుకోవాలి, అప్పుడు దాని చోటు తనంతట తేలుతుంది. ఏ క్యాపూ ఏ చోటా కుదరకపోతే, అవి ఈ బ్లాకువే కాకపోవచ్చు. పాత ఇంజన్ల వ్యాపారంలో ఇది అరుదేమీ కాదు, ముందే అనుమానించడం మంచిది.

వృత్తాలు విడివిడిగా బాగున్నా అన్నీ ఒకే గీత మీద ఉండాలి. కచ్చితమైన ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జిని బ్లాకు సగాల మీదుగా పొడవునా ఆనించి, కింద 40 మైక్రాన్ల ఫీలర్ గేజి దూరుతుందేమో చూడాలి. ఎక్కడైనా దూరితే బ్లాకు వంగింది. బాగా వేడెక్కిన ఇంజన్లలో ఇలా జరుగుతుంది, ఆ లోపాన్ని క్యాపుల మార్పు సరిచేయదు.

రాడ్ క్యాపులు, క్యామ్ క్యాపులు

కనెక్టింగ్ రాడ్ క్యాపులు రెండు రకాలు. పాత పద్ధతిలో రాడ్‌ను రెండుగా కోసి, ముఖాలు నునుపు చేసి, కలిపి బిగించి వృత్తం కోస్తారు. వీటికి మెయిన్ క్యాపుల పద్ధతే వర్తిస్తుంది. నాలుగు రాడ్లు, నాలుగు క్యాపులు, 24 అమరికలు. పక్క ముఖాలను చాలాసార్లు కలిపే సాన పట్టి ఉంటారు, కాబట్టి గోరుకు తగిలే మెట్టు ఇక్కడ మరింత నమ్మదగిన సాక్షి. బల్ల మీదే బిగించి గేజితో కొలవొచ్చు, క్రాంకు అక్కర్లేదు.

1990ల నుంచి చాలా కార్ల ఇంజన్లలో రెండో రకం వచ్చింది. రాడ్‌ను ఒకే ముక్కగా తయారుచేసి, పెద్ద చివర లోపల సన్నటి గాటు పెట్టి, ఒక్క తోపుతో పగలగొడతారు. పగిలిన కుండ పెంకులో రెండు అంచులు ఒకదానికొకటే అతికినట్టు, ఆ పగులు ముఖాల్లోని ఎత్తుపల్లాలు తమ జతలోనే కూర్చుంటాయి. ప్రపంచంలో వేరే ఏ క్యాపూ అక్కడ సరిపోదు. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక ఉంది. ఈ రకం క్యాపులను బిగించి పరీక్షించకూడదు. తప్పు జతను ఒక్కసారి టార్క్ చేసినా ఎత్తుపల్లాలు నలిగిపోయి రాడ్, క్యాపు రెండూ పనికిరాకుండా పోతాయి. భూతద్దంతో పగులు గీతలను పోల్చి, వేళ్ళతో మెల్లగా ఆనించి చూడాలి. సరైన జత ఏ ఒత్తిడీ లేకుండా చప్పున కూర్చుంటుంది, అతుకు గీత దాదాపు మాయమవుతుంది.

రెండు క్యామ్ షాఫ్టులున్న హెడ్‌లలో క్యామ్ క్యాపులు కూడా హెడ్‌తో కలిపి కోసినవే. చాలావాటిలో షెల్స్ కూడా ఉండవు, అల్యూమినియమే బేరింగు. అక్కడ పొరపాటు చేస్తే మార్చుకోవడానికి షెల్ లేదు, హెడ్డే పోతుంది.

చేత్తో తిప్పినప్పుడు

జతలు తేలాక కొత్త షెల్స్ వేసి క్రాంకును కూర్చోబెట్టాలి. షెల్ అరవృత్తం కంటే రవ్వంత పొడవుగా ఉంటుంది. క్యాపు బిగించగానే ఆ కాస్త పొడవు నొక్కుకుని షెల్ వీపు వృత్తానికి గట్టిగా అతుక్కుంటుంది. షెల్‌ను తిరగకుండా ఆపేది ప్రధానంగా ఈ నొక్కుడే, నాలుక కేవలం చోటు చూపిస్తుంది. షెల్ వీపున నూనె గానీ ధూళి గానీ ఉండకూడదు, లోపలి ముఖానికే నూనె రాయాలి.

నడిమి క్యాపుతో మొదలుపెట్టి ఒక్కోదాన్నీ పూర్తి టార్క్‌కు బిగిస్తూ, ప్రతిసారీ క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. తేలికగా, ఏకధాటిగా తిరగాలి. ఫలానా క్యాపు బిగించాకే గట్టిపడితే నిందితుడు అదే కావచ్చు. కానీ క్రాంకు వంగి ఉన్నా, బ్లాకు వంగి ఉన్నా ఇదే లక్షణం కనబడుతుంది. క్రాంకు వంపును వి బ్లాకుల మీద డయల్ గేజితో ముందే చూసుకుని ఉంటే ఈ తికమక రాదు. ఒక్క చుట్టులో ఒకేచోట గట్టిపడితే క్రాంకును, చుట్టంతా ఒకేలా గట్టిగా ఉంటే క్యాపును అనుమానించడం మంచి మొదలు.

ఆఖరున ప్లాస్టిగేజి. జర్నల్ మీద నూనె తుడిచేసి ఈ సన్నటి మైనపు దారం ముక్కను పరిచి, క్యాపు బిగించి విప్పితే అది నలిగి పట్టీ అవుతుంది. దాని వెడల్పును కవరు మీది కొలబద్దతో పోలిస్తే సందు ఎంతో తెలుస్తుంది. బిగించి ఉండగా క్రాంకు తిప్పకూడదు. పట్టీ ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే జర్నల్‌కు గానీ వృత్తానికి గానీ వాలు ఉన్నట్టు.

జత దొరకనప్పుడు

కొన్ని ఇంజన్లలో అన్నీ చేశాక కూడా తీర్పు రాదు. అక్కడ ఆగడం కూడా నేర్పులో భాగమే. అతుకు ముఖాన్ని ఆకురాయితో రాసి సందు తగ్గించడం, షెల్ వెనక కాగితమో రేకో పెట్టడం వంటి చిట్కాలు షెల్స్ లేని కాలం నుంచి వచ్చిన అలవాట్లు. బాబిట్ లోహాన్ని నేరుగా పోసిన బేరింగుల్లో, క్యాపుకూ బ్లాకుకూ మధ్య పలుచని షిమ్‌లుండేవి. అరిగినప్పుడు ఒక్కోటి తీసి సందు సరిచేసేవారు. ఈనాటి కచ్చితమైన షెల్‌కు ఆ వైద్యం విషమే. రాసిన క్యాపుతో వృత్తం కోడిగుడ్డు ఆకారమవుతుంది, ఇక ఆ క్యాపు తన అసలు చోట కూడా కుదరదు.

సరైన మార్గం ఆ జతలను కొత్తగా పుట్టించడం. ఇంజను రీకండిషనింగ్ చేసే మెషిన్ షాపులో క్యాపుల అతుకు ముఖాలను కొద్దిగా సాన పట్టి, బ్లాకుకు బిగించి, మళ్ళీ లైన్ బోరింగో లైన్ హోనింగో చేసి అసలు వ్యాసానికి తెస్తారు. ఆ రోజు నుంచి ఆ క్యాపులు ఆ చోట్లవే. దీనికీ మూల్యం ఉంది. క్రాంకు మధ్యగీత హెడ్ వైపుకు రవ్వంత జరుగుతుంది. టైమింగ్ చైను ఆ మేరకు వదులవుతుంది, పళ్ళ చక్రాలతో నడిచే టైమింగైతే పళ్ళ మధ్య సందు మారుతుంది. ఎంత తక్కువ కోస్తే అంత మంచిది. నునుపు ముఖాల రాడ్లకు కూడా ఇలాగే వృత్తం తిరిగి కోయొచ్చు. పగలగొట్టిన రకం రాడ్‌కు ఈ అవకాశం లేదు, జత పోతే రాడ్ మార్చాల్సిందే.

లైన్ బోరింగు ఖర్చు చూసి వెనకాడి, అనుమానమున్న క్యాపుతోనే బిగించేద్దామనిపిస్తుంది. చేత్తో తిరిగింది కదా అని. చేత్తో తిప్పినప్పుడు క్రాంకు మీద రెండు టన్నుల దెబ్బలు లేవు, నూనె వేడెక్కి పలచబడలేదు. అనుమానం మిగిలితే గేజి దగ్గరకో, మెషిన్ షాపు దగ్గరకో తిరిగి వెళ్ళడమే దారి. మూడో దారి లేదు.

జత తేలిన మరుక్షణమే గుర్తు వేయాలి, మరో గంట ఆగకూడదు. మెయిన్ క్యాపులను బ్లాకుకు బిగించి ఉంచి, క్యాపు మీద ఒక అంకె, దాని పక్కనే బ్లాకు మీద అదే అంకె, పుల్లీ వైపు నుంచి లెక్కపెడుతూ, అన్నీ ఒకే పక్కన ఉండేలా చెక్కాలి. అతుకు ముఖం మీద గానీ వృత్తం లోపల గానీ ఎప్పుడూ వద్దు. రాడ్ల మీద పంచితో గట్టిగా కొట్టడం కంటే గీసే కరెంటు పెన్ను మేలు. అంకెలతో పాటు ఆ తొమ్మిది గడుల కాగితాన్ని కూడా ఇంజను కాగితాలతో భద్రపరచండి. ఏళ్ళ తర్వాత ఆ ఇంజనును విప్పే మెకానిక్ మీకు తెలిసినవాడై ఉండనక్కర్లేదు. మీరు కొలిచి తెలుసుకున్నది అతను మళ్ళీ కొలవాల్సిన అవసరం లేకుండా చేయడం ఈ పనిలో చివరి మెట్టు. అది లేకుండా పని పూర్తయిందని అనుకోకూడదు.